మా అమ్మాయి, ముగ్గురు స్నేహితులు, ఒక ఎమో పంక్ బ్యాండు: తెలిసినవారు చెప్పండి

రారిటన్_తీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో నాలుగేళ్లుగా కీర్తనల చర్చలు చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి. నాకు బొత్తిగా తెలియని సంగీతం గురించి అడగడానికి వచ్చాను.

మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. రట్గర్స్‌లో మూడో సంవత్సరం చదువుతోంది. ఆరో తరగతి నుంచి తనతో చదివిన ఇద్దరు అమ్మాయిలు, కాలేజీలో పరిచయమైన ఒక అబ్బాయి, తను కలిసి ఏడాదిన్నర క్రితం బ్యాండు పెట్టుకున్నారు. తాము వాయించేది ఎమో పంక్ అంటారు. మా అమ్మాయిది డ్రమ్స్. ఏడో ఏట మొదలుపెట్టి తొమ్మిదేళ్లు మృదంగం నేర్చుకున్న పిల్ల. పదహారో ఏట ఇక చాలన్నది. ఆ మృదంగాన్ని గుడ్డలో చుట్టి అలమరలో పెట్టిన రోజు పడిన బాధ నాకింకా గుర్తుంది.

ఇన్నాళ్లూ కచేరీకి తను రమ్మనలేదు, నేను అడగలేదు. మొన్న ఫోను చేసి "అమ్మా, ఈసారి రా" అంది. రూట్ 27 మీద వెళ్లి వంతెన దాటితే న్యూ బ్రన్స్‌విక్. పిల్లలు అద్దెకుంటున్న పాత ఇంటి బేస్మెంట్‌లో కచేరీ. తలుపు దగ్గర ఒక అమ్మాయి మనిషికి పది డాలర్లు తీసుకుంటోంది. ఆ డబ్బు ఒహాయో నుంచి వచ్చిన బ్యాండు పెట్రోలు ఖర్చులకట. లోపల వేదిక లేదు, కుర్చీలు లేవు. మూలనున్న బట్టలు ఉతికే యంత్రం మీద కోట్ల గుట్ట. చేయెత్తితే పైకప్పు తగులుతుంది. యాభై మంది పిల్లలు, వాయించేవాళ్లకు చేతికందేంత దగ్గరగా నిలబడ్డారు.

మొదటి మూడు పాటలూ నాకు చప్పుడే. పాడే అమ్మాయి గొంతు చీరుకుపోతుందేమోనని భయం వేసింది. ఆఖరి పాట ఎత్తుకునే ముందు మా అమ్మాయి డ్రమ్స్ వెనక నుంచి నావైపు చూసింది. ఆ పాట తెనాలిలో ఉన్న మా అమ్మ గురించి. ప్రతి ఆదివారం వీడియోలో మాట్లాడుకుంటాం. మాటలన్నీ అయిపోయాక కూడా మా అమ్మ ఫోను పెట్టనివ్వదు. "ఇంకేమిటి?" అంటుంది. చెప్పడానికి ఏమీ ఉండదు. కాసేపాగి మళ్లీ "ఇంకేమిటి?" అంటుంది. బొమ్మ ఆగిపోయి, గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నా ఆ మాట అంటూనే ఉంటుంది. పాటంతా ఇంగ్లీషులోనే సాగింది. చివరికొచ్చేసరికి వాద్యాలన్నీ ఆపేసి నలుగురూ "ఇంకేమిటి" అని అరవడం మొదలుపెట్టారు. తెలుగు ముక్క తెలియని ఆ పిల్లలందరూ గొంతు కలిపారు. కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

నా సందేహాలు ఇవి. ఈ సంగీతం ఎక్కడిది? ఇందులో ఇంత దుఃఖం ఎందుకు? జూన్‌లో నలుగురూ వ్యాను అద్దెకు తీసుకుని ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, కొలంబస్, అర్బానా ఊళ్లలో వాయిస్తామంటున్నారు. వెళ్లనివ్వవచ్చా? తెలిసినవారు దాచకుండా చెప్పండి.

నేలపడక (ఫిలడెల్ఫియా)

అక్కా, నమస్తే. 2001 నుంచి 2005 దాకా నేనూ అక్కడే చదివాను. మీరు చూసినటువంటి బేస్మెంట్లలోనే ఆ రోజుల్లో సగం రాత్రులు గడిపాను. మీ అమ్మాయి ఉన్న ఊరు ఈ సంగీతానికి పుణ్యక్షేత్రం వంటిది.

థర్స్‌డే అనే బ్యాండు 1997లో న్యూ బ్రన్స్‌విక్‌లోనే పుట్టింది. దాని గాయకుడు జెఫ్ రిక్లీ తన ఇంటి బేస్మెంట్‌లోనే కచేరీలు పెట్టించేవాడు. పెద్ద హాళ్లవాళ్లు పిలిచేదాకా కూర్చోలేదు. 2001లో ఫుల్ కొలాప్స్ ఆల్బమ్‌తో వాళ్ల పేరు దేశమంతా పాకింది. మరుసటి ఏడాది మై కెమికల్ రొమాన్స్ తొలి ఆల్బమ్‌కు నిర్మాతగా పనిచేసింది కూడా రిక్లీయే. ఆ బ్యాండులోని గెరార్డ్ వే, మైకీ వే అన్నదమ్ములు. ఇదే రాష్ట్రంలోని బెల్‌విల్‌లో పెరిగారు. అన్న పెట్టిన బ్యాండులో ఉండాలని తమ్ముడు బేస్ గిటార్ నేర్చుకున్నాడు. వాద్యం వచ్చినవాళ్లను వెతికి బ్యాండు కట్టలేదు. కలిసి ఉండాలనుకున్నవాళ్లు వాద్యం నేర్చుకున్నారు. ఈ సంగీతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇంకో సంగతి. ఆ ఇళ్ల చిరునామా కరపత్రాల మీద వేయరు. ఇంటికో ముద్దుపేరు ఉంటుంది, చిరునామా కావాలంటే తెలిసినవాళ్లను అడిగి తెలుసుకోవాలి. పోలీసులు వచ్చి ఆపేయకుండా ఉండటానికి ఆ జాగ్రత్త. కాబట్టి మిమ్మల్ని మీ అమ్మాయి ఇన్నాళ్లూ పిలవలేదంటే దాచిందని అనుకోకండి. పిలిచింది చూడండి, అది మామూలు విషయం కాదు.

పాతక్యాసెట్ (సికింద్రాబాద్)

నేలపడక గారూ, కథను మధ్యలో ఎత్తుకున్నారు. మూలం న్యూజెర్సీ కాదు, వాషింగ్టన్.

1980ల మొదట్లో ఆ నగరంలో హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన, చప్పుడెక్కువ రాక్ సంగీతం ఊపందుకుంది. పాటలన్నీ కోపంతో ఉడికేవి. క్రమంగా కచేరీలకు పాట కోసం కాక కొట్లాట కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. విసిగిపోయిన కొందరు స్నేహితులు 1984లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండు కట్టారు. వేగం, చప్పుడు పాతవే. మారింది పాట గురి. ప్రభుత్వం మీద, పోలీసుల మీద ఎక్కుపెట్టిన బాణాన్ని తమ గుండె వైపే తిప్పుకున్నారు. పోగొట్టుకున్న స్నేహం, చేజారిన కాలం, చెప్పలేకపోయిన మాట, ఇవే పాటలయ్యాయి. 1985లో ఒక ఆల్బమ్ వచ్చింది. చేసిన కచేరీలు ఇరవై లోపే. 1986 మొదట్లో విడిపోయారు. అంతే చరిత్ర, కానీ తర్వాత నలభై ఏళ్లుగా వస్తున్న ఎమో అంతా ఆ చెట్టు కొమ్మే. 'ఎమోషనల్' నుంచి వచ్చిన ఆ పేరు మాత్రం వాళ్లకు నచ్చలేదు. ఎవరో తగిలించిన ముద్ర అది.

అక్కగారు దుఃఖం ఎందుకని అడిగారు. నాకు తెలిసిన జవాబు ఇది: కోపం పైపొర, దాని కింద ఉన్నది దుఃఖమేనని ఒప్పుకునే ధైర్యం ఆ పిల్లలకు వచ్చింది.

వాళ్ల ఆల్బమ్ వేసిన డిస్కార్డ్ సంస్థ గురించి కూడా మీ అమ్మాయికి చెప్పండి, ఈపాటికే తెలిసి ఉంటుంది. 1980లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు విడిపోతూ, కచేరీల్లో దాచుకున్న 600 డాలర్లను పంచుకోకుండా రికార్డు వేయడానికి పెట్టింది. అట్టలు వాళ్లే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. వారిలో ఒకడైన ఇయాన్ మకాయ్ తర్వాత ఫుగాజీ అనే బ్యాండులో ఉన్నప్పుడు ఎంత పేరొచ్చినా టిక్కెట్టు ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టాడు. మీరు తలుపు దగ్గర చూసిన ఆ అమ్మాయి ఆ ఇంటి వారసురాలే.

నేలపడక (ఫిలడెల్ఫియా)

పాతక్యాసెట్ గారూ, ఒప్పుకున్నాను. నది ఎక్కడ పుట్టిందో మీరు చెప్పారు, ఏ రేవులో మునిగానో నేను చెప్పాను.

డాలస్_నాన్న (డాలస్)

నా మాట కఠినంగా అనిపిస్తే మన్నించండి. మా అబ్బాయి పదిహేనో ఏట ఇటువంటి పాటలే చెవుల్లో పెట్టుకుని రెండేళ్లు గది తలుపు మూసుకున్నాడు. ఆ రెండేళ్లూ నేనూ వాళ్ల అమ్మా నిద్రపోలేదు. పిల్లల దుఃఖాన్ని తీర్చే పాట వేరు, దుఃఖాన్నే ఇల్లుగా చేసుకోమనే పాట వేరు. ఇది రెండో రకమని నా భయం. చదువు మధ్యలో నలుగురు పిల్లలు రాత్రిళ్లు వ్యాను నడుపుకుంటూ వెళ్లడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

పాతక్యాసెట్ (సికింద్రాబాద్)

మీ భయం అర్థమైంది, దాన్ని తేలిక చేయను. అయితే ఒక పాత అనుభవం చెప్పాలి. 2008లో ఈ పిల్లల మీద చాలా దేశాల్లో అనుమానం రేగింది. మెక్సికోలోని కెరెటారో నగరంలో ఆ మార్చిలో ఎమో పిల్లలను గుంపుగా వచ్చి కొట్టారు. వాళ్ల జుట్టు, వాళ్ల నల్లబట్టలే నేరం. అదే ఏడాది మే 31న లండన్‌లో మై కెమికల్ రొమాన్స్ అభిమానులు ఒక పత్రికా కార్యాలయం ముందు నిలబడ్డారు. ఈ పాటలు పిల్లలను చావువైపు నడుపుతున్నాయని ఆ పత్రిక రాసింది. కాదు, మమ్మల్ని నిలబెట్టింది ఇవేనని చెప్పడానికి పిల్లలు తల్లిదండ్రులతో కలిసి వచ్చారు.

మీ అబ్బాయి తలుపు మూసుకుని ఒంటరిగా విన్నాడు. అక్కగారి అమ్మాయి యాభై మంది మధ్య వాయించింది. పాట ఒకటే కావచ్చు, గది వేరు.

మిశ్రచాపు (విజయవాడ)

రారిటన్ గారూ, నేను ముప్పై ఏళ్లుగా మృదంగం చెబుతున్నాను. ఎమో నాకు తెలియదు. కానీ తొమ్మిదేళ్లు నేర్చుకున్న చేయి ఊరకే ఉండదని తెలుసు. ఆ ఆఖరి పాట ఏ నడకలో ఉందో అమ్మాయిని అడిగి చెప్పగలరా?

అర్బానా_చలి (అర్బానా, ఇలినాయ్)

మాస్టారూ, మీ ప్రశ్న చాలా సరైనది. ఎమోలో ఒక శాఖ తాళం లెక్కల మీదే నడుస్తుంది. దాని పుట్టిల్లు నేనుంటున్న ప్రాంతం.

అమెరికన్ ఫుట్‌బాల్ అనే బ్యాండును 1997లో ఇక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు మొదలుపెట్టారు. పేరు చూసి ఆట అనుకోకండి. 1999 సెప్టెంబరులో ఒకే ఒక్క ఆల్బమ్ వేశారు. అది వచ్చేనాటికి చదువు ముగుస్తోంది. ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత పదిహేనేళ్లలో వాళ్ల ప్రమేయమేమీ లేకుండా ఆ ఆల్బమ్ ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతూ పెరిగింది. 2014లో మళ్లీ కలిసేసరికి న్యూయార్క్‌లో టిక్కెట్లు చాలక కచేరీలు పెంచవలసి వచ్చింది.

అందులో అరుపులు దాదాపు లేవు. గిటార్ తీగలను మామూలు శ్రుతిలో కాక ఎఫ్, ఏ, సీ, జీ, సీ, ఈ స్వరాలకు బిగించుకున్నారు. అందువల్ల వేలు పెట్టని తీగలు కూడా తంబురాలా మోగుతూనే ఉంటాయి. రెండు గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ పోతాయి, డ్రమ్స్ ఐదులూ ఏడులూ లెక్కపెడుతూ నడుస్తాయి. డ్రమ్స్ వాయించే స్టీవ్ లామోసే ట్రంపెట్ కూడా ఊదుతాడు. ఏడు లెక్క తాళమైన మిశ్రచాపు విన్న చెవికి ఆ పాటలు పరాయివిగా అనిపించవు.

ఆ ఆల్బమ్ అట్ట మీదున్న తెల్లటి ఇల్లు ఇక్కడే ఉంది. 2023లో ఆ బ్యాండువాళ్లు, వాళ్ల ఆల్బమ్ వేసిన పాలీవైనిల్ సంస్థ, మరికొందరు కలిసి దాన్ని కొనేశారు, ఎవరూ పడగొట్టకుండా. దూరదేశాల నుంచి వచ్చి దాని ముందు ఫోటో తీయించుకుంటారు. మన తెలుగు విద్యార్థులు ఎంతోమంది ఆ వీధుల్లోనే నడిచి తరగతులకు వెళ్తుంటారు, ఆ ఇంటి కథ తెలియకుండా. పిల్లలు జూన్‌లో ఇక్కడికి వస్తే నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

చెవి_గొంతు (గుంటూరు)

ఈఎన్‌టీ వైద్యుణ్ణి. సంగీతం సంగతి మీరందరూ చూసుకుంటున్నారు, నేను చెవుల సంగతి చెబుతాను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. పైకప్పు తక్కువగా ఉన్న గదిలో డ్రమ్స్ పక్కన శబ్దం ఆ మాత్రం సులభంగా ఉంటుంది. సంగీతకారుల కోసం చేసిన చెవి బిరడాలు దొరుకుతాయి. అవి స్వరాన్ని చెడగొట్టకుండా శబ్దాన్ని తగ్గిస్తాయి. మీ అమ్మాయి ఒక్క రోజు కూడా అవి లేకుండా కూర్చోకూడదు. పోయిన వినికిడి తిరిగి రాదు తల్లీ.

రారిటన్_తీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. డాక్టరుగారూ, నాలుగు జతలు ఈ రోజే తెప్పిస్తున్నాను.

మిశ్రచాపు మాస్టారూ, రాత్రి అడిగాను. అడిగినందుకే తన మొహం వెలిగిపోయింది. ఆ పాట ఏడు లెక్క నడక. మనసులో "తకిట తకధిమి" అనుకుంటూనే వాయిస్తుందట. మొదట్లో మిగతా ముగ్గురూ లెక్క తప్పుతూ ఉంటే వాళ్లకూ ఆ మృదంగపు సొల్లు నేర్పిందట. ఇప్పుడు బేస్ వాయించే అబ్బాయి పెదవులు కదుపుతూ అదే చెప్పుకుంటాడు. వాద్యాలు ఆపే ముందు వచ్చే ముగింపు మృదంగంలో మూడుసార్లు తిప్పి ముగించే తీర్మానమేనట. అది తాళం మొదటి దెబ్బ అయిన సమం మీద పడగానే "ఇంకేమిటి" ఎత్తుకుంటారు. నేను అక్కడే కూర్చుని విన్నాను, ఒక్క ముక్క గుర్తుపట్టలేకపోయాను. నేర్పించిన గురువుగారికి ఫోను చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాట పంపమన్నారు.

మిశ్రచాపు (విజయవాడ)

నాకూ పంపండి. అలమరలో ఉన్న మృదంగాన్ని ఒకసారి బయటికి తీసి గాలి తగలనివ్వండి. వాడకపోతే తోలు పాడవుతుంది.

విశాఖ_అల (విశాఖపట్నం)

ఆంటీ, నాకు ఇరవై రెండేళ్లు. నేనూ ముగ్గురు స్నేహితులూ ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా బ్యాండు పెట్టాం. మాకు బేస్మెంట్లు లేవు. మా ఇంటి డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న గదిలో సాధన చేస్తాం, సాయంత్రం ఏడు దాటితే ఆపేయాలి. సొంత పాటలు వాయిస్తామంటే హోటళ్లవాళ్లు సినిమా పాటలు వాయించమంటారు. అయినా మానలేదు. 2025 మార్చిలో గ్రీన్ డే అనే అమెరికన్ పంక్ బ్యాండు బొంబాయి వచ్చినప్పుడు నలుగురం రైల్లో వెళ్లాం. అన్ని వేలమందిలో మాలాంటివాళ్లను చూడటం అదే మొదటిసారి.

మీరు రాసినదాన్ని మా వాళ్లకు చదివి వినిపించాను. నేను ఇంతవరకు పాటలన్నీ ఇంగ్లీషులోనే రాశాను. తెలుగులో రాస్తే సినిమా పాటలా ఉంటుందని భయం. ఒక్క మాటతో అంతమందిని పాడించవచ్చని ఇప్పుడే తెలిసింది. మీ అమ్మాయికి మా నలుగురి తరఫున చెప్పండి.

నేలపడక (ఫిలడెల్ఫియా)

అక్కా, ప్రయాణం కన్నా ముందు ఇంకో విషయం. దీని గురించి నాకు బాధ ఉంది, అందుకే రాస్తున్నాను.

మాదీ నలుగురు స్నేహితుల బ్యాండే. మూడేళ్లు నడిచింది. ఒక చిన్న సంస్థ మా పాటలు వేస్తామన్నప్పుడు కాగితం మీద ఒక్కడి పేరే రాశారు, పాటలు రాసేది తనే కాబట్టి. మేం ఎవరమూ ఏమీ అనలేదు, స్నేహం కదా అని. ఆరు నెలల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం. నేను పోగొట్టుకున్నది బ్యాండును కాదు, ఆ ముగ్గురినీ.

ఇది పెద్ద బ్యాండ్లకూ తప్పలేదు. పారమోర్ 2004లో టెనెసీలోని ఫ్రాంక్లిన్‌లో మొదలైంది. అందరూ పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలు. హేలీ విలియమ్స్‌ను ఒంటరి గాయనిగా నిలపాలని అట్లాంటిక్ సంస్థ అనుకుంది. తన స్నేహితుల బ్యాండుతోనే పాడతానని ఆ అమ్మాయి పట్టుబట్టింది. అయినా ఒప్పందం మీద సంతకం తనది ఒక్కదానిదే. 2010 చివర్లో జాష్, జాక్ ఫారో అన్నదమ్ములు వెళ్లిపోతూ ఆ సంగతినే బయటపెట్టారు. జాక్ తిరిగి రావడానికి ఆరేళ్లు పైన పట్టింది.

కాబట్టి పిల్లలను కూర్చోబెట్టి ఇప్పుడే రాయించండి: ప్రతి పాటా నలుగురిదీ, ప్రతి డాలరూ నాలుగు వాటాలు, వ్యాను ఖర్చు ముందు తీసేయాలి. బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైటులో పాటలు అమ్మితే ఆ సంస్థ 15 శాతం తీసుకుంటుంది, మిగిలింది ఎవరి ఖాతాలో పడుతుందో అది కూడా రాసుకోవాలి. ఒకరినొకరు నమ్మే రోజుల్లో రాసుకుంటే అది ఐదు నిమిషాల పని.

డాలస్_నాన్న (డాలస్)

మూడు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. ఈ సంగీతం మీద నా అభిప్రాయం పెద్దగా మారలేదు. కానీ నిన్న మా అబ్బాయికి ఫోను చేసి, అప్పట్లో గదిలో ఏమి వినేవాడివని మొదటిసారి అడిగాను. గంటన్నర మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ రాయను.

నేను సరుకు రవాణా వాహనాల భద్రత చూసే ఉద్యోగంలో ఉన్నాను. పిల్లలు వెళ్లేటట్లయితే ఇవి పాటించమనండి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు వ్యాను కదలకూడదు. కచేరీ ముగిసిన ఊరిలోనే పడుకోవాలి. ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గ్ 300 మైళ్లు, కొలంబస్ నుంచి అర్బానా కూడా ఇంచుమించు అంతే. రెండు గంటలకొకసారి చేయి మారాలి. నడిపేవారి పక్కన ఒకరు తప్పనిసరిగా మెలకువగా ఉండాలి. పెట్టెలు, స్పీకర్లు పట్టీలతో బిగించాలి. గట్టిగా బ్రేకు వేస్తే వెనకనున్న డ్రమ్స్ మనుషుల మీదికి వస్తాయి. వ్యాను అద్దెకు ఇచ్చేవారి దగ్గర నడిపేవారందరి పేర్లూ రాయించాలి. కొన్నిచోట్ల ఇరవై ఐదేళ్ల లోపువారికి అదనపు రుసుము ఉంటుంది, బీమా సంగతి ముందే అడగాలి.

పాతక్యాసెట్ (సికింద్రాబాద్)

డాలస్ గారికి నమస్కారం. పడుకోవడం అంటే గుర్తొచ్చింది. 1990లలో మాగ్జిమమ్ రాక్ఎన్‌రోల్ పత్రికవాళ్ల చలవతో ఒక పుస్తకం ఏటా వచ్చేది. ఏ ఊళ్లో ఎవరు కచేరీ పెట్టిస్తారు, ఎవరి ఇంట్లో నేల మీద పడుకోవచ్చు, అన్నీ ఊరి పేర్ల వరసన ఉండేవి. ముక్కూమొహం తెలియని పిల్లలు ఆ పుస్తకం పట్టుకుని దేశమంతా తిరిగారు. మనవాళ్లు లేని ఊరు ఇప్పుడు అమెరికాలో ఉందా? ఆ జాబితా ఇక్కడే తయారు చేయవచ్చు.

నేలపడక (ఫిలడెల్ఫియా)

ఫిలడెల్ఫియా నాది. ఈసారి నేల కాదు, మంచాలే ఉన్నాయి.

అర్బానా_చలి (అర్బానా, ఇలినాయ్)

అర్బానా నాది. మా ఇంట్లో ముగ్గురం ఉంటాం, హాలు ఖాళీ చేస్తాం. పిట్స్‌బర్గ్‌లో మా పెద్దమ్మ కూతురు ఉంది, ఈ రాత్రే అడుగుతాను.

రారిటన్_తీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

మీరందరూ రాసినవి అమ్మాయికి చదివి వినిపించాను. నలుగురూ మా ఇంటికి వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాటాల కాగితం రాసుకున్నారు, సంతకాలు చేసుకున్నారు. అర్ధరాత్రి ప్రయాణం లేదని మాట ఇచ్చారు. కొలంబస్‌లో మాత్రం ఇంకా ఎక్కడ ఉండాలో కుదరలేదు. జూన్ 12 రాత్రి. ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. అబ్బాయికి వేరుశనగ పడదు.

నిన్న ఆదివారం మా అమ్మకు పాట వినిపించాం. ముందు చెప్పలేదు, తన గురించేనని. కళ్లజోడు పెట్టుకుని వింది, పాట వినడానికి కళ్లజోడెందుకో. మధ్యలో చప్పుడు ఎక్కువైనప్పుడు కాస్త వెనక్కి జరిగింది. చివర ఆ పిల్లలందరూ "ఇంకేమిటి" అంటుంటే, అది పాటలోదని మరిచిపోయి, "ఇంకేముంది నాన్నా, అంతా బాగానే ఉన్నాం" అని ఫోనులోకి జవాబు చెప్పింది. వాళ్లు మళ్లీ అడిగారు. తను మళ్లీ చెప్పింది.

కొలంబస్_వాకిలి (కొలంబస్, ఒహాయో)

మొదటినుంచీ చదువుతున్నాను, ఇప్పుడే ఖాతా తెరిచాను. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, వ్యాను నిలపడానికి వాకిలి ఉంది. జూన్ 12కు మేం ఊళ్లోనే ఉంటాం. కచేరీ ఎన్ని గంటలకో చెప్పండి, మేమిద్దరం కూడా వస్తాం. పచ్చళ్లూ పొడులూ వేరుశనగ లేకుండా వేరే చేసి పెడతాను.